రచయిత వెళ్లిపోయాక కాగితాలు ఎక్కడికి?

చలికాలపు రాత్రి. గుడిసె ముందు నెగడు దగ్గర తండ్రీ కొడుకులు కూర్చుని, ఎవరి పొలంలోనో తవ్వుకుని తెచ్చిన బంగాళాదుంపలను కాల్చుకుని తింటున్నారు. లోపల కోడలు పురిటినొప్పులతో ప్రాణం విడుస్తున్నది. లేచి వెళ్లి చూసి వచ్చేలోగా రెండవవాడు దుంపలన్నీ తినివేస్తాడేమోనన్న భయంతో ఇద్దరిలో ఎవరూ కదలరు. మరునాడు శవం మీద కప్పే గుడ్డ కోసం ఊరివారు దయతలచి ఇచ్చిన డబ్బు కాస్తా సారా దుకాణంలో ఖర్చయిపోతుంది.

ప్రేమచంద్ వ్రాసిన ‘కఫన్’ కథ ఇది. 1977లో మృణాల్ సేన్ దీనిని ‘ఒక ఊరి కథ’ అన్న పేరుతో తెలుగులోనే చలనచిత్రంగా తీశారు. అందువల్ల మనలో ఈ కథను చదవనివారికి కూడా అది కొత్త కాదు.

ఈ కథ రెండుసార్లు, రెండు భాషలలో వెలుగు చూసింది. మొదట 1935 డిసెంబరులో ‘జామియా’ అనే ఉర్దూ పత్రికలో అచ్చయింది. తరువాత 1936 ఏప్రిల్‌లో ‘చాంద్’ అనే హిందీ పత్రికలో వచ్చింది. రెండింటిలోనూ కథ ఒకటే. కాని రెండు పాఠాలనూ ప్రక్కప్రక్కన పెట్టుకుని చదివితే వాక్యాలు అంతటా సరిపోవు. ఒకదానిలో ఉన్న మాట రెండవదానిలో ఉండదు. ఉన్నచోట కూడా దాని బరువు మారుతుంది. ఈ మార్పులలో రచయిత స్వయంగా చేసినవి ఎన్ని, ఇతరుల చేతి మీదుగా వచ్చినవి ఎన్ని అన్న చర్చ పండితుల మధ్య చాలాకాలంగా సాగుతున్నది.

నా వంటి అనువాదకులకు ఇది పండితచర్చ మాత్రమే కాదు. తెలుగు చేయడానికి కూర్చున్నప్పుడు బల్ల మీద ఏ పాఠాన్ని పెట్టుకోవాలి? ఉర్దూ పాఠాన్ని అనుసరిస్తే హిందీ చదివినవారు ఇది తప్పు అంటారు. హిందీ పాఠాన్ని అనుసరిస్తే ఉర్దూ చదివినవారు అదే మాట అంటారు. రచయితను అడిగి తెలుసుకుందామంటే ఆయన 1936 అక్టోబరు 8వ తేదీన కన్నుమూశారు. ఇటువంటి ప్రశ్నకు అచ్చు పుస్తకం సమాధానం చెప్పలేదు. చెప్పగలిగినవి కొట్టివేతలతో నిండిన వ్రాతప్రతి, సంపాదకుడికి వ్రాసిన ఉత్తరం, అచ్చుచిత్తు మీద చేసిన దిద్దుబాటు. అవి మిగిలి ఉంటేనే మాట తేలుతుంది. మిగలకపోతే ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోతుంది.

ఒక రచయిత, ఒక నాయకుడు, ఒక శాస్త్రజ్ఞుడు వెళ్లిపోయిన తరువాత ఆయన కాగితాలు ఏమవుతాయి అన్న విషయం ఆ కుటుంబానికి మాత్రమే సంబంధించినది కాదని చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఓఖ్లాలో ఒక భాండాగారం

‘కఫన్’ను మొట్టమొదట అచ్చువేసిన పత్రిక ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా విద్యాసంస్థది. 1920లో అలీగఢ్‌లో పుట్టిన ఈ సంస్థ 1925లో ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలివచ్చింది. 1935 మార్చి 1వ తేదీన యమునా నది సమీపాన ఓఖ్లాలో సొంత భవనాలకు శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేసినది ఏ ప్రముఖుడూ కాదు. ఆ బడిలోని అతి పిన్నవయస్కుడైన విద్యార్థి. అప్పట్లో సంస్థకు ఉపకులపతి, అనంతర కాలంలో మన రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్. ఆ సంవత్సరమే జామియాలో విడిది చేసిన ప్రేమచంద్ అక్కడ ఉండగానే ‘కఫన్’ వ్రాశారని ఆ సంస్థలో తరతరాలుగా చెప్పుకుంటారు.

1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జామియా, 2004లో ప్రేమచంద్ పేరుతోనే ఒక పత్ర భాండాగారాన్ని, సాహిత్య కేంద్రాన్ని నెలకొల్పింది. ప్రేమచంద్‌కు, ఉర్దూ హిందీ సాహిత్యాలకు చెందిన పత్రాలను, ఛాయాచిత్రాలను, అరుదైన ముద్రణలను ఒకచోట చేర్చడం దాని పని. ప్రఖ్యాత ఉర్దూ నవలాకారిణి కుర్రతులైన్ హైదర్‌కు చెందిన సామగ్రికి కూడా అక్కడ చోటు దొరికింది. 2007లో మరణించిన ఆమె సమాధి జామియా శ్మశానవాటికలోనే ఉన్నది.

హైదర్ విషయం అనువాదకులను మరింతగా ఆలోచింపజేస్తుంది. 1959లో వెలువడిన తన మహానవల ‘ఆగ్ కా దరియా’ను ఆమె దాదాపు 40 సంవత్సరాల తరువాత, 1998లో, స్వయంగా ఇంగ్లీషులోకి తెచ్చారు. అది మక్కికి మక్కి అనువాదం కాదు. కొన్ని భాగాలను తగ్గించారు, కొన్నిటిని మార్చారు, కొన్నిటిని కొత్తగా వ్రాశారు. తన నవలను తానే తిరగవ్రాసిన రచయిత్రి మనసులో ఏమున్నదో తెలుసుకోవాలంటే రెండు అచ్చు పుస్తకాలను పోల్చడంతో సరిపోదు. ఆ రెండింటి మధ్య గడిచిన 40 సంవత్సరాల కాగితాలు కావాలి.

ఉత్తరాన్ని దాచిపెట్టిన మిత్రుడు

ప్రేమచంద్ జీవితాన్నే చూడండి. ఆయన అసలు పేరు ధన్‌పత్ రాయ్. మొదట నవాబ్ రాయ్ అన్న పేరుతో ఉర్దూలో వ్రాసేవారు. 1908లో వెలువడిన ‘సోజె వతన్’ అనే కథల సంపుటంలో రాజద్రోహం ఉన్నదని హమీర్‌పూర్ జిల్లా కలెక్టరు ఆయనను పిలిపించి గద్దించారు. మిగిలిన ప్రతులను స్వాధీనం చేసుకుని తగులబెట్టించారు. ప్రభుత్వ విద్యాశాఖలో చిన్న ఉద్యోగి అయిన రచయిత ఇకమీదట ఏది వ్రాసినా పై అధికారికి చూపించవలసి వచ్చింది. అప్పుడు పుట్టినదే ప్రేమచంద్ అన్న పేరు. దానిని సూచించినది కాన్పూరు నుంచి ‘జమానా’ పత్రికను నడిపిన దయానారాయణ్ నిగమ్. ఆ పేరుతో తొలి కథ 1910 డిసెంబరులో ఆ పత్రికలోనే వచ్చింది.

ప్రేమచంద్ నిగమ్‌కు సంవత్సరాల తరబడి వ్రాసిన ఉత్తరాలను ఆ సంపాదకుడు పారవేయలేదు. డబ్బు ఇబ్బందులు, అనారోగ్యం, ఏ కథ ఎప్పుడు పంపుతున్నదీ, ఏ భాషలో వ్రాయాలన్న తర్జనభర్జన, అన్నీ వాటిలో ఉన్నాయి. ప్రేమచంద్ కుమారుడు అమృత్ రాయ్ 1962లో ప్రచురించిన జీవితచరిత్రకూ, అదే సంవత్సరం వెలువడిన ఉత్తరాల సంపుటాలకూ ఈ కాగితాలు పట్టుగొమ్మలయినాయి. ఉత్తరం వ్రాసినవాడి దగ్గర మిగలదు. అందుకున్నవాడి దగ్గర మిగులుతుంది. అందువల్ల ఒక రచయిత చరిత్ర ఎప్పుడూ ఆయన ఇంట్లో మాత్రమే ఉండదు. అది మిత్రుల ఇండ్లలో, పత్రికా కార్యాలయాలలో, అచ్చుకూటాలలో చెదరిపోయి ఉంటుంది. ఈ చెదరిన ముక్కలను ఒకచోటికి చేర్చగలిగినది భాండాగారం ఒక్కటే.

చేర్చకపోతే ఎటువంటి పొరపాట్లు జరుగుతాయో కూడా ప్రేమచంద్ రచనలే చెబుతాయి. ‘సేవాసదన్’ నవలను ఆయన మొదట వ్రాసినది ఉర్దూలో. కాని హిందీలో ముందుగా అచ్చయింది. (దాని ఆధారంగానే 1938లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి నటించిన తమిళ చిత్రం ‘సేవాసదనం’ వచ్చింది.) ‘గోదాన్’ 1936లో హిందీలో వెలువడింది, దాని ఉర్దూ పుస్తకం రచయిత మరణానంతరం వచ్చింది. అచ్చయిన తేదీలను మాత్రమే నమ్ముకుంటే ఏది మూలం, ఏది అనువాదం అన్నది తలక్రిందులయ్యే ప్రమాదం ఉన్నది. దాదాపు 300 వరకు ఉన్న ఆయన కథలను నాలుగు సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చే మహాకార్యాన్ని జామియా ఆచార్యుడు ఎం. అసదుద్దీన్ సంపాదకత్వంలో అనువాదకులు 2017లో పూర్తి చేశారు. అప్పుడు కూడా అడుగడుగునా ఉర్దూ, హిందీ పాఠాలను పోల్చి చూసుకోవలసి వచ్చింది.

నిషేధం నీడలో పత్రాలు

రాజధానిలోని మరొక విశ్వవిద్యాలయంలో ఇంకొక తరహా భాండాగారం ఉన్నది. 1969లో స్థాపితమైన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సమకాలీన చరిత్ర పత్రాల సేకరణకు పూరణ్ చంద్ జోషీ పేరు పెట్టారు. 1907లో అల్మోడాలో జన్మించిన జోషీ, మీరట్ కుట్ర కేసులో జైలుకు వెళ్లారు. 1935 నుంచి సుమారు 12 సంవత్సరాలు కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. తరువాత అదే పార్టీ ఆయనను బహిష్కరించింది. కొంతకాలానికి మరల చేర్చుకున్నది. 1980లో మరణించడానికి ముందు, తన చివరి సంవత్సరాలను ఆయన ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యమపత్రాలను సమకూర్చడంలో గడిపారు.

ఆ పని ఎంత కష్టమో ఊహించండి. 1934 నుంచి 1942 వరకు పార్టీ మీద నిషేధం ఉన్నది. ఆ రోజులలో జేబులో దొరికిన ఒక్క కరపత్రం జైలుశిక్షకు సాక్ష్యం. చదివిన వెంటనే కాల్చివేయడమే క్షేమం. అటువంటి ఉద్యమానికి చరిత్ర వ్రాయాలంటే పోలీసు దస్త్రాలు మిగులుతాయి గాని, ఉద్యమంలో ఉన్నవారి మాటలు మిగలవు. పాలకుడి కాగితం పదిలంగా ఉండి, పాలితుడి కాగితం బూడిదైపోతే చరిత్ర ఒక ప్రక్కకు ఒరిగిపోతుంది. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా జోషీ చేసిన ఈ పనికి ఋణపడి ఉన్నారు.

ఢిల్లీలో తీన్‌మూర్తి భవన ప్రాంగణంలోని గ్రంథాలయం వ్యక్తిగత పత్రాల సేకరణలో ఎంతోకాలంగా పేరు పొందినది. నెహ్రూ స్మారక గ్రంథాలయంగా ప్రసిద్ధమైన ఆ సంస్థకు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం అన్న పేరు వచ్చింది. ఆంధ్రోద్యమ నాయకుడు, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభిసీతారామయ్య గారి పత్రాలు చూడాలంటే తెలుగు పరిశోధకుడు అక్కడికి వెళ్లవలసిందే. ఇటీవలి కాలంలో ఢిల్లీ పొలిమేరలో, హర్యానాలోని సోనీపత్‌లో, అశోకా విశ్వవిద్యాలయం కూడా స్వాతంత్ర్యానంతర భారతదేశానికి చెందిన ప్రముఖుల పత్రాలను సేకరించి భద్రపరచే పనికి పూనుకున్నది.

పెట్టెలో ఏమి జరుగుతుంది?

భాండాగారానికి గోతాంలోనో ట్రంకుపెట్టెలోనో కాగితాలు వస్తాయి. వాటిని వెంటనే అలమారలో సర్దివేయరు. ముందు వేరొక గదిలో ఉంచి పురుగు, బూజు ఉన్నాయేమో చూస్తారు. ఎందుకంటే చెదపట్టిన ఒక్క కట్ట గదిలోని మిగిలిన కట్టలన్నిటినీ పాడుచేయగలదు. తరువాత మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతారు. తుప్పుపట్టిన గుండుసూదులను, క్లిప్పులను ఒక్కొక్కటిగా తీసివేస్తారు. మడతలు విప్పుతారు. ఆమ్లగుణం లేని అట్టపెట్టెలలో పెడతారు. గదిలో ఉష్ణోగ్రత 22 నుంచి 25 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా జాగ్రత్తపడతారు. మే నెలలో పెళుసుబారే ఎండనూ, శ్రావణంలో ముసురునూ చవిచూసే ఢిల్లీ వంటి నగరంలో ఇది సామాన్యమైన పని కాదు. శిథిలమైన కాగితానికి పలుచని పొరను ద్రావకంతో, చేత్తోనే అతికించే విధానం ఒకటి ఢిల్లీలోని జాతీయ పత్ర భాండాగారంలోనే రూపొందింది. పెద్ద యంత్రాలు కొనలేని దేశాలకు అది ఎంతో ఉపకరించింది.

ఈ పనివారికి ఒక మూలసూత్రం ఉన్నది. కాగితాలు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసను చెడగొట్టరాదు. ఇంట్లో మనమైతే ఉత్తరాలన్నీ ఒక చోట, బిల్లులన్నీ ఒక చోట, కథలన్నీ ఒక చోట సర్దుతాము. శుభ్రంగానే ఉంటుంది. కాని మందుల దుకాణం బిల్లు వెనుక వ్రాసుకున్న నాలుగు వాక్యాలు ఏ కథ మధ్య దొరికాయో తెలియకపోతే, ఆ కథను రచయిత జబ్బుపడిన రోజులలో వ్రాశాడన్న సంగతి కూడా తెలియదు. కాగితం ఎంత ముఖ్యమో, దాని ప్రక్కన ఏ కాగితం ఉన్నదన్నది కూడా అంత ముఖ్యం.

ఆ పైన జాబితా తయారుచేయాలి. ఏ పెట్టెలో ఏమున్నదో వ్రాసిన సూచిక లేకపోతే భాండాగారానికీ అటకకూ భేదం లేదు. ఒక మనిషి జీవితకాలపు కాగితాలకు సూచిక తయారుచేయడానికి నెలలు పడుతుంది. కొన్నిటికి సంవత్సరాలు కూడా పట్టవచ్చు. ఛాయాప్రతులు తీసి యంత్రంలో భద్రపరచే సౌకర్యం వచ్చిన తరువాత కూడా ఈ పనికి మనిషి కన్నూ మనిషి బుద్ధీ కావలసిందే.

ఇవ్వడానికి వెనుకాడే చేయి

ఇన్ని చోట్లు ఉన్నా కుటుంబాలు ఎందుకు వెనుకాడుతాయి? కారణాలు న్యాయమైనవే. పెద్దాయన ఉత్తరాలలో బ్రతికి ఉన్నవారి గురించి కటువైన మాటలు ఉండవచ్చు. అప్పులు, అనారోగ్యాలు, అన్నదమ్ముల వ్యాజ్యాలు ఉండవచ్చు. వాటిని పరాయివారు చదవడం ఇష్టం ఉండదు. ఇందుకు విరుగుడు ఎప్పటి నుంచో ఉన్నది. ఫలానా కట్టను ఇన్ని సంవత్సరాల వరకు తెరవరాదన్న షరతుతో పత్రాలను ఇవ్వవచ్చు. ఆ షరతును వ్రాతపూర్వకంగా ఒప్పందంలో చేర్చడం మంచి భాండాగారాల ఆచారం.

కాగితం ఇస్తే హక్కులు కూడా పోతాయన్న భయం మరొకటి. ఈ రెండూ వేరు. ఉత్తరం అందుకున్నవారికి ఆ కాగితం సొంతమే; కాని అందులోని రచన మీద హక్కు వ్రాసినవారిదీ, వారి వారసులదీ. మన కాపీహక్కు చట్టం 1957 నాటిది. 1992 సవరణ తరువాత రచయిత మరణించిన 60 సంవత్సరాల వరకు ఆ హక్కు ఉంటుంది. పత్రాలను విశ్వవిద్యాలయానికి అప్పగించినంత మాత్రాన ఇది దానంతట అది చేతులు మారదు.

ఇక చట్టం సంగతి. ప్రభుత్వ దస్త్రాలను కాపాడడానికి 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం చేశారు. ఇంట్లో ఉన్న కాగితాలకు అది వర్తించదు. 1972 నాటి పురావస్తు చట్టం 75 సంవత్సరాలు దాటిన విలువైన వ్రాతప్రతులను దేశం దాటించరాదని అంటుంది. కాని చెద నుంచి, వాన నుంచి వాటిని కాపాడమని ఎవరినీ నిర్బంధించదు. ఒక రచయిత కాగితాలు పాత కాగితాలు కొనేవాడి తక్కెడలోకి వెళ్లితే అడ్డుపడే చట్టం లేదు. అడ్డుపడవలసినది ఇంటివారి వివేకమే.

మన అటకల మీద

దాచడం తెలుగువారికి తెలియని విద్య కాదు. 15వ శతాబ్దపు అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన సంతతివారు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండాగారంలో ఉంచారు. శతాబ్దాలు గడిచాక, 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి ప్రచురించారు. నేడు 12,000కు పైగా సంకీర్తనలు మనకు దక్కాయంటే, ఒక కుటుంబం తమ ఇంటి సంపదను తమ ఇంట్లోనే ఉంచుకోకపోవడమే కారణం.

ఆధునిక కాలంలో గురజాడ అప్పారావు గారు మరొక నిదర్శనం. ‘కన్యాశుల్కం’ 1897లో మొదట అచ్చయింది. 1909లో దాదాపు కొత్త నాటకమే అనదగినంతగా మారి మరల వెలువడింది. రెండూ అచ్చు పుస్తకాలే గనుక మార్పులేమిటో ఎవరైనా చూడగలరు. కాని ఎందుకు మార్చారో అర్థం చేసుకోవడానికి ఆయన ఇంగ్లీషులో వ్రాసుకున్న దినచర్యలు, ఒంగోలు మునిసుబ్రహ్మణ్యం వంటి మిత్రులకు వ్రాసిన లేఖలు ఆధారం. 1915లో గురజాడ మరణించిన తరువాత అవి వెలుగులోకి రావడం వెనుక అవసరాల సూర్యారావు వంటివారి శ్రమ ఉన్నది. ఆ కాగితాలు లేకుంటే మధురవాణి పుట్టుకను గురించి ఈనాడు మనకు మిగిలేది ఊహాగానమే.

అందరు రచయితలకూ ఒక సూర్యారావు దొరకడు. ఊరూరా ఒకప్పుడు పత్రిక నడిపినవారు, బడిపంతులు ఉద్యోగం చేస్తూ పద్యాలు వ్రాసినవారు, గ్రంథాలయోద్యమంలో తిరిగినవారు, జైలులో దినచర్య వ్రాసుకున్నవారు ఉన్నారు. వారి కాగితాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. ఇల్లు పడగొట్టి అంతస్తుల భవనం కట్టే రోజున, పిల్లలు విదేశాల నుంచి పది రోజుల సెలవు మీద వచ్చి ఇల్లు ఖాళీచేసే రోజున వాటి తలవ్రాత తేలిపోతుంది.

అటువంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. తొందరపడి వాటిని విడదీసి సర్దవద్దు. ఉన్న వరుసలోనే ఉంచండి. చిరిగిన చోట పారదర్శకమైన అంటు టేపు వేయవద్దు. కొన్ని సంవత్సరాలకు ఆ జిగురే కాగితాన్ని తినివేస్తుంది. ప్లాస్టిక్ సంచులలో బిగించి కట్టవద్దు. తేమ లోపల నిలిచి బూజు పడుతుంది. నేలకు, గోడకు ఆనకుండా ఎత్తున, నీడన పెట్టండి. ఫొటోలలో ఉన్నవారి పేర్లు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి, వేరొక కాగితం మీద వ్రాసి ఉంచండి. చివరగా, దగ్గరలోని విశ్వవిద్యాలయానికో రాష్ట్ర పత్ర భాండాగారానికో ఒక ఉత్తరం వ్రాయండి. ఏమున్నదో చెప్పండి. మీ షరతులు చెప్పండి. తీసుకుంటారో లేదో వారిని తేల్చుకోనివ్వండి. ఇందులో విలువైనదేమీ లేదని మాత్రం మీకు మీరే తీర్పు చెప్పవద్దు.

నిగమ్‌కు వచ్చిన ఉత్తరాలలో ఎన్నో డబ్బు సర్దమని అడిగినవే, ఆరోగ్యం బాగుండలేదని చెప్పుకున్నవే. వాటిని అందుకున్ననాడు ఎవరైనా చదివి చించి పారవేయవచ్చు. కాన్పూరులోని ఆ సంపాదకుడు అలా చేయలేదు. అందువల్లనే ప్రేమచంద్ పేరు ఎలా పుట్టిందో, ఏ బాధల మధ్య ఏ కథ వ్రాశారో నేడు మనకు తెలుసు. ‘కఫన్’ రెండు పాఠాల మధ్య ఉన్న తేడాకు ఎవరు కారణమో చెప్పగల కాగితం కూడా ఒకప్పుడు ఎవరి చేతిలోనో ఉండి ఉంటుంది.